అమెరికా ముఖం ఎవరిది? పోర్ట్రెయిట్లలో దేశభక్తి కథ

అమెరికా నుంచి సెలవులకొచ్చిన చుట్టాలు పిల్లల చేతిలో పెట్టే ఒక డాలర్ నోటు తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. ఆ నోటు మీద పెదవులు బిగించి చూసే జార్జ్ వాషింగ్టన్ ముఖం ఒక ఆయిల్ పెయింటింగ్ నుంచి వచ్చింది. 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ అనే చిత్రకారుడు దాన్ని మొదలుపెట్టాడు. తల, మెడ, వాటి చుట్టూ కొంచెం రంగు వేసి మిగతా కాన్వాసంతా ఖాళీగా వదిలేశాడు. అది వాషింగ్టన్ భార్య మార్తా అడిగి గీయించుకుంటున్న బొమ్మ. పూర్తయితే ఆమెకు ఇచ్చేయాలి. అందుకే స్టువర్ట్ దాన్ని చివరిదాకా పూర్తి చేయలేదు. తన దగ్గరే ఉంచుకుని, దాన్ని చూసి నకళ్ల మీద నకళ్లు గీసి ఒక్కోటి వంద డాలర్లకు అమ్ముకున్నాడు. వాటిని తన వంద డాలర్ల నోట్లని చెప్పుకునేవాడు కూడా. 1869లో ఆ ముఖం నిజంగానే డాలర్ నోటెక్కింది.

ఒక దేశం తన ముఖంగా చెప్పుకునే బొమ్మ వెనక ఇంత బేరం ఉందంటే కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. అమెరికా పోర్ట్రెయిట్లు నన్ను పట్టి ఉంచేది ఇందుకే. దేశం మీద ప్రేమ, పొట్టకూటి అవసరం, ఉన్నది ఉన్నట్టు చూపాలన్న పట్టుదల, కొన్నిటిని కనపడకుండా చేయాలన్న ఒత్తిడి, అన్నీ ఒకే కాన్వాసు మీద కలిసి పనిచేస్తుంటాయి. ఒక్కో పోగూ విడదీస్తే గానీ ఆ బొమ్మ ఏం చెబుతోందో అర్థం కాదు.

ముందు అసలు చిక్కు చూద్దాం. రాజ్యాల్లో దేశం ముఖం ఏదన్న ప్రశ్నే రాదు. రాజు ముఖమే దేశం ముఖం. నాణెం మీదా ఆయనే, కోర్టు గోడ మీదా ఆయనే. 1776లో రాజును వద్దనుకున్నవాళ్లకు ఆ సౌకర్యం పోయింది. ప్రజలే ప్రభువులంటే ఏ ప్రజలు? గోడ మీద ఎవరి బొమ్మ పెట్టాలి? ఈ ప్రశ్నకు అమెరికాలో ప్రతి తరమూ కొత్త జవాబు గీసింది, ప్రతి జవాబు మీదా గొడవ జరిగింది.

రెండో చిక్కు వాస్తవిక శైలిది. మనిషిని ముడతలతో, చొక్కా గుండీతో, గోళ్లలో మట్టితో సహా గీస్తే చూసేవాళ్లు దాన్ని సాక్ష్యంలా తీసుకుంటారు. గుండీని నమ్మిన కన్ను ఆ మనిషి వెనక నిలబెట్టిన దేశాన్ని కూడా నమ్మేస్తుంది. కాబట్టి బొమ్మలో జెండా ఉందా లేదా అని చూస్తే దేశభక్తి దొరకదు. ఎవరిని మధ్యలో నిలబెట్టారు, ఎవరిని అంచుకు తోశారు, ఏ వివరాన్ని వదిలేశారు అన్నది చూడాలి.

టీపాట్, ఒరలోని కత్తి, కట్టుడు పళ్లు

బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో 1768 నాటి పోర్ట్రెయిట్ ఒకటుంది. వెండిపని చేసే పాల్ రివియర్‌ని జాన్ సింగిల్టన్ కాప్లీ గీశాడు. కోటు లేదు, తలమీద విగ్గు లేదు. తెల్ల చొక్కా చేతులతో, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేత్తో మెరిసే టీపాట్ పట్టుకుని ఉంటాడు. బల్ల మీద చెక్కుడు పనిముట్లు. ఆ రోజుల్లో డబ్బిచ్చి బొమ్మ గీయించుకునేవాళ్లు పట్టుబట్టల్లో కూర్చునేవారు. పనిచేసే చేతుల్ని, పనిలో ఉన్న బట్టల్ని ఇంత గౌరవంగా చూపించడం అరుదు. పైగా అంతకు ముందు ఏడాదే బ్రిటన్ వలసల మీద టీ పన్ను వేసింది. అలాంటి సమయంలో టీపాట్ పట్టుకుని కనిపించడం మామూలు విషయం కాదు.

ఇంతవరకూ చదివి కాప్లీ గొప్ప దేశభక్తుడని అనుకుంటే పొరపాటే. దాదాపు అదే సమయంలో ఆయన బ్రిటిష్ సైన్యాధిపతి థామస్ గేజ్‌నీ గీశాడు. కొన్నేళ్లకు బ్రిటన్‌ని ఎదిరించే శామ్యూల్ ఆడమ్స్‌నీ గీశాడు. 1773లో పన్నుకు నిరసనగా బోస్టన్ హార్బర్‌లో పారబోసిన టీ తెప్పించుకున్న వ్యాపారుల్లో కాప్లీ మామగారు కూడా ఒకరు. మరుసటి ఏడాది కాప్లీ ఓడెక్కి లండన్ వెళ్లిపోయాడు, మళ్లీ తిరిగి రాలేదు. రివియర్ పోర్ట్రెయిట్ ఆ కుటుంబం దగ్గరే ఉండిపోయింది. 1860ల మొదట్లో వచ్చిన ఒక పద్యం, బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి రివియర్ చేసిన గుర్రపు స్వారీని దేశమంతా పాడుకునే కథగా మార్చింది. 1930లో వారసులు బొమ్మను మ్యూజియానికి ఇచ్చారు. ఇవాళ దాన్ని విప్లవానికి గుర్తుగా చూస్తున్నాం. గీసిన మనిషి మాత్రం ఏ పక్కా తేల్చుకోలేక ఊరు విడిచాడు. బొమ్మకు దేశభక్తి చాలాసార్లు తర్వాతి తరాల చేతుల్లోనే అంటుతుంది.

స్టువర్ట్ దారి వేరు. ఆయన కూడా లండన్‌లో, తర్వాత డబ్లిన్‌లో ఏళ్ల తరబడి ఉండి, అప్పుల మధ్య 1793లో అమెరికా తిరిగొచ్చాడు. వాషింగ్టన్‌ని గీస్తే డబ్బు వస్తుందని ఆయనకు బాగా తెలుసు. 1796లో గీసిన నిలువెత్తు వాషింగ్టన్‌ని లాన్స్‌డౌన్ పోర్ట్రెయిట్ అంటారు. దాన్ని బ్రిటన్ మాజీ ప్రధాని లాన్స్‌డౌన్‌కు కానుకగా పంపారు, పేరు అలా వచ్చింది. భంగిమ అంతా యూరప్ రాజుల బొమ్మల్లోదే. పెద్ద స్తంభాలు, ఎర్ర తెర, చాచిన చెయ్యి. కానీ ఒంటిమీద సైనిక దుస్తులు లేవు, సాదా నల్ల వెల్వెట్ సూటు. ఎడమచేతిలో కత్తి ఉంది, అది ఒరలో ఉంది. కిరీటం ఉండాల్సిన చోట బల్ల మీద పుస్తకాలు, బల్ల కాలి దగ్గర ఇంకొన్ని పుస్తకాలు. సైన్యాన్ని గెలిపించినవాడు అధికారాన్ని చట్టానికి అప్పగించి ఇంటికి వెళ్తున్నాడన్నది కథ. రాజు బొమ్మ ఆకారాన్ని తీసుకుని రాజు లేని దేశాన్ని గీశాడు. ఇందులో నాకు నిజమైన ప్రతిభ కనిపిస్తుంది.

అదే బొమ్మలో దవడ చూడండి. నోటి చుట్టూ ఉబ్బుగా, బిగుసుకుపోయి ఉంటుంది. వాషింగ్టన్ అప్పటికి కట్టుడు పళ్లతో తంటాలు పడుతున్నాడు. స్టువర్ట్ ఆ ఉబ్బుని దాచలేదు. వాస్తవిక చిత్రకారుడి నిజాయితీ అది. అయితే ఆ నిజాయితీ పళ్ల దగ్గరే ఆగిపోయింది. 1784లో వాషింగ్టన్ లెక్కల పుస్తకంలో ఒక పద్దు ఉంది: నల్లవాళ్ల దగ్గర కొన్న 9 పళ్లకు 6 పౌండ్ల 2 షిల్లింగులు. దేశపిత దవడ కాన్వాసెక్కింది. పళ్లమ్మిన మనుషులు లెక్కల పుస్తకంలోనే ఉండిపోయారు, పేర్లు కూడా లేకుండా.

అంచున నిలబెట్టడం కూడా ఒక పద్ధతే. ఎడ్వర్డ్ సావేజ్ 1789–96 మధ్య గీసిన వాషింగ్టన్ కుటుంబ చిత్రంలో అందరూ కొత్త రాజధాని ప్లాను చుట్టూ కూర్చుని ఉంటారు. కుడి చివర చీకట్లో ఒక నల్లజాతి సేవకుడు నిలబడి ఉంటాడు. ఆయన్ని గీయకుండా ఉండలేదు, ముఖం పట్టించుకుని గీయనూ లేదు. రెండు శతాబ్దాల తర్వాత, 2016లో, టైటస్ కాఫర్ వాషింగ్టన్ బొమ్మ ఒకటి గీసి, దాని మీద తుప్పు పట్టిన మేకులతో పీలికలు దిగ్గొట్టాడు. ఆ పీలికల మీద వాషింగ్టన్ దగ్గర బానిసలుగా ఉన్నవాళ్ల పేర్లున్నాయి. ఆ పని కోపంతో చేసిందే. కానీ పాత బొమ్మ వదిలేసిన లెక్కని అదే గోడ మీదికి తెచ్చి పూర్తి చేయడం కూడా దేశానికి చేసిన మేలే.

ఇక్కడ ఒక చిన్న కథ. 1814లో బ్రిటిష్ సైన్యం అధ్యక్ష భవనాన్ని తగలబెట్టే ముందు అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ వాషింగ్టన్ పోర్ట్రెయిట్‌ని కాపాడిందని అక్కడి పిల్లలంతా చదువుకుంటారు. అది లాన్స్‌డౌన్ బొమ్మకు నకలు. దగ్గరకెళ్లి చూస్తే అందులోని పుస్తకం వెన్ను మీద దేశం పేరులోనే ఒక అక్షరం తప్పిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో అప్పుడు బానిసగా ఉన్న పాల్ జెన్నింగ్స్ 1865లో రాసిన జ్ఞాపకాల ప్రకారం బొమ్మను గోడ నుంచి దింపింది ద్వారపాలకుడూ తోటమాలీ. డాలీ ఆజ్ఞ ఇచ్చింది, నిచ్చెనెక్కింది పనివాళ్లు. బొమ్మను కాపాడిన కథలో కూడా ఎవరు మధ్యలో, ఎవరు అంచున అన్న లెక్క ఉంది.

గోడ మీద చోటు

అందరు చిత్రకారులూ ఒకేలా లేరు. చార్లెస్ విల్సన్ పీల్ ఫిలడెల్ఫియాలో సొంత మ్యూజియం పెట్టి విప్లవ వీరుల ముఖాలు వరుసగా వేలాడదీశాడు. 1819లో అధ్యక్షుడు మన్రోతో సహా పెద్దల్ని గీయడానికి రాజధానికి వచ్చినప్పుడు, పక్కనే జార్జ్‌టౌన్‌లో ఉండే యారో మామౌట్ గురించి విన్నాడు. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన ముస్లిం ఆయన. నాలుగు దశాబ్దాలకు పైగా బానిసత్వం తర్వాత విడుదలై, సొంతిల్లు కట్టుకుని, బ్యాంకు షేర్లు కూడా కొన్నాడు. పీల్ ఆయన్ని కూర్చోబెట్టి, జనరళ్లను గీసిన అదే శ్రద్ధతో గీశాడు. ఎర్ర పట్టీ ఉన్న ఊలు టోపీ, తోలు కోటు, కళ్ల చివర నవ్వు. ఆ నవ్వు వల్లే ఆ బొమ్మ ఎప్పటికీ పాతబడదు. పీల్ కూడా ఒకప్పుడు బానిసల్ని ఉంచుకున్నవాడే. ఒకే మనిషిలో రెండూ ఉండటం ఆ దేశపు కథలో మామూలు సంగతి, దాన్ని సర్దిచెప్పాల్సిన పని మనకు లేదు.

ఆదివాసీ నాయకుల విషయం ఇంకా బాధాకరం. 1820ల్లో ఒప్పందాల కోసం రాజధాని వాషింగ్టన్‌కు వచ్చిన నాయకుల్ని ప్రభుత్వ ఖర్చుతో చార్లెస్ బర్డ్ కింగ్ గీశాడు. చాలామంది మెడలో అధ్యక్షుడి ముఖం ముద్రించిన 'శాంతి పతకం' వేలాడుతుంటుంది. ఒక ముఖం మీద ఇంకో ముఖం. భూములు పోతున్నవాళ్ల గుండెల మీద భూములు తీసుకుంటున్న ప్రభుత్వపు గుర్తు. ఆ చిత్రాల్ని ముందు పేటెంట్ ఆఫీసు భవనంలో, తర్వాత స్మిత్‌సోనియన్ అనే జాతీయ మ్యూజియం సంస్థలో పెట్టారు. 1865 జనవరిలో అక్కడ అగ్నిప్రమాదం జరిగి అత్యధిక భాగం కాలిపోయాయి.

పేటెంట్ ఆఫీసు భవనం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అంతర్యుద్ధంలో ఆ భవనం ఆసుపత్రిగా మారింది. గాయపడ్డ సైనికుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పినవాళ్లలో కవి వాల్ట్ విట్మన్ ఒకడు. ఇవాళ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఉన్నది అందులోనే. 1962లో చట్టం చేసి, 1968లో తెరిచారు. అధ్యక్షులందరి పోర్ట్రెయిట్లూ ఒక్కచోట వైట్‌హౌస్ బయట దొరికేది అక్కడే.

విట్మన్ ముసలితనంలో ఆయన్ని గీసిన థామస్ ఈకిన్స్ దగ్గరికి వస్తే వాస్తవికత ఎంత కఠినంగా ఉండగలదో తెలుస్తుంది. 1876లో దేశానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. ఈకిన్స్ తన ఊరి సర్జన్ శామ్యూల్ గ్రాస్‌ని ఎనిమిది అడుగుల కాన్వాసు మీద గీసి పంపాడు. ఆపరేషన్ మధ్యలో ఆగి విద్యార్థులకు పాఠం చెబుతున్న డాక్టరు, వేళ్లకు రక్తం, పక్కన ముఖం కప్పుకున్న ఒక స్త్రీ. దేశం గర్వపడాల్సింది ఇలాంటి మనిషిని చూసి అన్నది ఈకిన్స్ ఉద్దేశం. ఆర్ట్ గ్యాలరీ వాళ్లు రక్తం చూసి వద్దన్నారు. చివరికి ఆ చిత్రాన్ని ఆర్మీ ఆసుపత్రి నమూనాలో, మంచాల మధ్య వేలాడదీశారు. తర్వాత 200 డాలర్లకు అమ్ముడైంది. 2006లో దాన్ని వేరే ఊళ్లకు అమ్ముతున్నారని తెలిసి ఫిలడెల్ఫియా జనం 6.8 కోట్ల డాలర్లకు దాన్ని నిలుపుకోవడానికి చందాలు వేసుకున్నారు.

మూడు కొనల పంగలకర్ర

అమెరికన్ గోథిక్ బొమ్మను ఏ రూపంలోనూ చూడనివాళ్లు తక్కువ. గంభీరమైన ముఖంతో గుండ్రటి కళ్లద్దాల పెద్దాయన, పక్కన ఒక స్త్రీ, వెనక తెల్ల చెక్కల ఇల్లు. దీన్ని గ్రాంట్ వుడ్ 1930లో గీశాడు. అయోవాలోని ఎల్డన్ అనే చిన్న ఊళ్లో ఆ ఇల్లు చూసి, ఇందులో ఎలాంటి మనుషులు ఉంటారో ఊహించి గీశాడు. స్త్రీకి మోడల్ ఆయన చెల్లెలు నాన్. పురుషుడికి మోడల్ ఆయన పళ్ల డాక్టరు. ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా నిలబడలేదు, ఆ ఇంటి ముందు నిలబడనూ లేదు.

పెద్దాయన చేతిలో గడ్డి ఎత్తే మూడు కొనల పంగలకర్ర ఉంది. దాన్ని చూశాక ఆయన పనిబట్టల (ఓవరాల్స్) ఛాతీ మీద కుట్లు చూడండి, అదే ఆకారం. పైకెళ్తే మేడ మీది కోసు కిటికీ కూడా దానికి చుట్టమే. ముఖం మీద నిలువు గీతలూ దాని వరసే. మనిషి, పని, ఇల్లు, విశ్వాసం ఒకే గీతతో అల్లాడు. ఉన్నది ఉన్నట్టు అనిపించే బొమ్మ వెనక ఇంత కూర్పు ఉంటుంది.

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 300 డాలర్ల బహుమతిచ్చి కొనుక్కుంది. పత్రికల్లో వచ్చాక అయోవా రైతు కుటుంబాలకు కోపం వచ్చింది. మమ్మల్ని ఇంత మొహం మాడ్చుకున్నవాళ్లలా చూపిస్తావా అని. మేధావులేమో పల్లెటూరి సంకుచితత్వాన్ని భలే వెక్కిరించాడని మెచ్చుకున్నారు. అప్పటికే మొదలైన ఆర్థిక మాంద్యం ముదిరేకొద్దీ కథ తిరగబడింది. బ్యాంకులు మూతపడి, పొలాలు వేలానికి పోయిన రోజుల్లో ఆ ఇద్దరూ కష్టానికి తలవంచని అమెరికన్లుగా కనిపించారు. కుంచె గీత ఒక్కటీ మారలేదు, చూసే జనం పరిస్థితి మారింది. వుడ్ వెక్కిరించాడా, ప్రేమించాడా అని అడిగితే రెండూ ఉన్నాయనే నేను చెబుతాను. సొంతూరి మీద ప్రేమ ఉన్నవాడికే దాని మొండితనం అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన అసలు పేచీ ఎక్కడుందో 1932 నాటి ఇంకో చిత్రంలో తెలుస్తుంది. అంతకుముందు సీడర్ రాపిడ్స్‌లో సైనికుల స్మారక భవనానికి రంగు గాజు కిటికీ చేసే పని వుడ్‌కి వచ్చింది. గాజుపని నేర్పున్నవాళ్ల కోసం 1928లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి చేయించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకాన్ని శత్రుదేశంలో చేయిస్తావా అని విప్లవ వీరుల వంశస్థులైన స్త్రీల సంఘం, డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, గొడవ చేసింది. వుడ్ జవాబు 'డాటర్స్ ఆఫ్ రెవల్యూషన్' అనే చిత్రం. ముగ్గురు పెద్దవయసు స్త్రీలు బిగుసుకున్న పెదవులతో నిలబడి ఉంటారు. ఒకామె చేతిలో టీ కప్పు, ఏ తిరుగుబాటు పేరు చెప్పుకుంటున్నారో ఆ తిరుగుబాటులో సముద్రంలో పారబోసిన టీ. వెనక గోడ మీద వాషింగ్టన్ డెలావేర్ నది దాటుతున్న ప్రఖ్యాత చిత్రం. ఆ దేశభక్తి చిత్రాన్ని ఎమాన్యుయేల్ లాయిట్సే గీసింది జర్మనీలో, డుసెల్‌డార్ఫ్‌లో, అక్కడి రైన్ నది మంచును చూసి. జర్మన్ గాజు పనికిరాదన్నవాళ్ల వెనక జర్మనీలో పుట్టిన బొమ్మ వేలాడుతోంది. ఆ మ్యూనిక్ ప్రయాణంలో ఉత్తర యూరప్ పాత చిత్రాలు శ్రద్ధగా చూశాకే వుడ్ శైలి అంత పదునుగా తేలిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అచ్చమైన అమెరికన్ బొమ్మ అని మనం అనుకునేదానికి పాఠం చెప్పింది యూరప్.

పదేళ్ల తర్వాత, 1942లో, గోర్డన్ పార్క్స్ రాజధానిలో ఒక ఫోటో తీశాడు. ఇది పెయింటింగ్ కాదు, అయినా ఈ కథలో దీన్ని వదలకూడదు. ప్రభుత్వ ఆఫీసులో తుడిచే ఎల్లా వాట్సన్ అనే నల్లజాతి ఉద్యోగి ఒక చేతి పక్కన చీపురు, ఇంకో పక్కన మాప్, వెనక గోడంత జెండా. పంగలకర్ర ఉండాల్సిన చోట చీపురు. ఈ ఫోటో చూసి ఆయన పై అధికారి, మా అందరి ఉద్యోగాలూ ఊడగొడతావని భయపడ్డాడు. జెండా ఉన్న ప్రతి బొమ్మా ప్రభుత్వానికి నచ్చుతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

జేబులో కాగితం

నార్మన్ రాక్వెల్‌ని పత్రికల బొమ్మలవాడని విమర్శకులు చాలాకాలం పక్కన పెట్టారు. అది అన్యాయమని నా అభిప్రాయం. దేశభక్తి చిత్రాలు గీసి, వాటికి ఏం లోటుందో తానే గుర్తించి, దాన్ని కుంచెతోనే సరిదిద్దుకున్న చిత్రకారుడు ఆయన.

1941 జనవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నాలుగు స్వేచ్ఛల గురించి మాట్లాడాడు: వాక్‌స్వాతంత్ర్యం, మతస్వేచ్ఛ, లేమి నుంచి స్వేచ్ఛ, భయం నుంచి స్వేచ్ఛ. వాటిని బొమ్మలుగా గీస్తానని రాక్వెల్ అంటే ప్రభుత్వ ప్రచార విభాగం మొదట పట్టించుకోలేదు. 1943లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ అచ్చువేసింది. తర్వాత అవే చిత్రాలు ఊరూరా తిరిగి 13 కోట్ల డాలర్లకు పైగా యుద్ధ బాండ్లు అమ్మించాయి. వాక్‌స్వాతంత్ర్యం చిత్రంలో ఊరి సభలో ఒక మామూలు పనివాడు లేచి మాట్లాడుతుంటాడు. గళ్ల చొక్కా, నలిగిన కోటు, ముందు బెంచీ మీద ఆనించిన మొరటు చేతులు. టై కట్టుకున్న పెద్దమనుషులు తల ఎత్తి ఆయన్ని వింటున్నారు. కోటు జేబులోంచి మడతపెట్టిన ఊరి లెక్కల కాగితం బయటికి కనిపిస్తుంది. అంటే ఆయన ఊరికే అరవడానికి రాలేదు, చదువుకుని వచ్చాడు. పౌరుడంటే ఎవరో ఆ కాగితం ఒక్కటే చెప్పేస్తుంది. జెండా అక్కర్లేకపోయింది.

కానీ ఆ నాలుగు చిత్రాల్లో ముఖాలు దాదాపు అన్నీ తెల్లవే. ఆ పత్రికలో నల్లవాళ్లను సేవకుల పనుల్లో తప్ప చూపించకూడదన్న నియమం ఉండేదని రాక్వెల్ తర్వాత చెప్పాడు. 1963లో ఆయన ఆ పత్రికను వదిలేశాడు. 1964 జనవరిలో లుక్ పత్రికలో ఆయన చిత్రం ఒకటి వచ్చింది. 1960లో న్యూ ఓర్లీన్స్‌లో తెల్లవాళ్ల బడిలో చేరిన ఆరేళ్ల నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ కథ అది. తెల్ల గౌను, చేతిలో పుస్తకం, స్కేలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఫెడరల్ మార్షల్స్, అంటే కోర్టు ఆజ్ఞలు అమలుచేసే కేంద్ర పోలీసులు. గోడ మీద నల్లవాళ్లను తిట్టే మాట, విసిరిన టమాటా మరక ఇంకా కారుతోంది.

మార్షల్స్ తలలు కాన్వాసు పై అంచు దగ్గర తెగిపోయి ఉంటాయి. పోర్ట్రెయిట్లలో అధికారం ఎప్పుడూ ముఖంతోనే వచ్చేది. ఇక్కడ అధికారానికి ముఖం తీసేసి, ముఖం మొత్తాన్ని ఆ పిల్లకిచ్చాడు. ముందు నడుస్తున్న మార్షల్ జేబులో మడతపెట్టిన కాగితం ఉంది, కోర్టు ఆర్డరు. ఇరవయ్యేళ్ల కిందట పనివాడి జేబులో ఉన్న కాగితం ఇప్పుడు ఇక్కడికి చేరింది. అప్పుడు ఆ కాగితం మాట్లాడే హక్కునిచ్చింది. ఇప్పుడు బడికి నడిచే హక్కు కోసం నలుగురు కాపలా కావాల్సి వచ్చింది. రాక్వెల్ కావాలని కలిపాడో లేదో గానీ, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మొదటిదానికి రెండోది ఇచ్చిన జవాబులా కనిపిస్తుంది. 2011లో ఒబామా దాన్ని కొన్నాళ్లు తన ఆఫీసు బయట పెట్టించాడు. రూబీ బ్రిడ్జెస్ వచ్చి ఆయన పక్కన నిలబడి చూసింది.

అదే 1964లో, వియత్నాం యుద్ధం ముదురుతుండగా, ఆండ్రూ వయెత్ 'ది పేట్రియట్' గీశాడు. మెయిన్ రాష్ట్రంలో రంపపు మిల్లు నడిపే పెద్దాయన, ఒంటిమీద మొదటి ప్రపంచయుద్ధం నాటి యూనిఫారం. అందులో వీరత్వపు ఆర్భాటం లేదు, వయసు ఉంది. న్యూయార్క్‌లో ఆలిస్ నీల్ ఇంకో దారిలో ఉంది. స్పానిష్ హార్లెమ్‌లో తన ఇరుగుపొరుగుల్ని, వలస కుటుంబాల్ని ఏళ్ల తరబడి గీసింది. కమ్యూనిస్టుల కోసం వెతుకులాట సాగిన 1955లో ఎఫ్‌బీఐ వాళ్లు ఆమెను ప్రశ్నించడానికి వస్తే, కూర్చోండి మీ బొమ్మ గీస్తాను అన్నదట. వాళ్లు ఒప్పుకోలేదు.

ఒకే యుద్ధం, ఇద్దరు చిత్రకారులు

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇరాక్ యుద్ధం చుట్టూ పుట్టిన రెండు వరసల బొమ్మలు. 2002 ప్రాంతంలో, బుష్ ప్రభుత్వం యుద్ధానికి దేశాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు, మెయిన్‌లో ఉండే రాబర్ట్ షెటర్లీ కోపం పట్టలేక పోర్ట్రెయిట్లు మొదలుపెట్టాడు. నిజం చెప్పిన అమెరికన్లు అన్నది వాటి పేరు. తనకు సిగ్గు కలిగించేవాళ్ల గురించి మాట్లాడే బదులు తనకు గర్వం కలిగించేవాళ్లను గీయాలనుకున్నాడు. మొదటి బొమ్మ విట్మన్‌ది. తర్వాత బానిసత్వాన్ని ఎదిరించిన ఫ్రెడెరిక్ డగ్లస్, సోజర్నర్ ట్రూత్, ఆ తర్వాత ప్రభుత్వ నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ లాంటి ఇవాల్టివాళ్లు. 50 అనుకున్నది 200 దాటింది. ప్రతి బొమ్మలో ఆ మనిషి మాటల్ని రంగులోకి గీరి రాస్తాడు. మాట ముఖం నుంచి విడిపోకుండా రంగులోకే దిగబడుతుంది. ఆ బొమ్మలు బడుల్లో తిరుగుతుంటాయి.

ఆ యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చిన జార్జ్ డబ్ల్యూ బుష్ పదవి దిగాక తనే కుంచె పట్టాడు. 2017లో యుద్ధాల్లో గాయపడ్డ సైనికుల పోర్ట్రెయిట్ల పుస్తకం తెచ్చాడు. 2021లో వలస వచ్చి అమెరికన్లయిన 43 మంది బొమ్మలు తెచ్చాడు. నేర్పు తక్కువే అయినా దట్టమైన రంగుతో, ముఖాల దగ్గరకెళ్లి గీశాడు. తాను పంపిన మనుషుల ముఖాల్ని గంటలకొద్దీ చూస్తూ కూర్చోవడం చిన్న విషయం కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కానీ ఆ సైనికుల బొమ్మల్లో ఇరాకీ ముఖం వెతికితే సైనికుడి గాయం తప్ప యుద్ధం కనిపించదు. షెటర్లీ బొమ్మల్లో అధికారాన్ని నిలదీసినవాడు దేశభక్తుడు. బుష్ బొమ్మల్లో దేశం కోసం ఒళ్లు పోగొట్టుకున్నవాడు దేశభక్తుడు. చాలా ఇళ్లల్లో ఈ ఇద్దరూ ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుంటారు. అందుకే ఇందులో ఒకటి అసలు దేశభక్తి, రెండోది నకిలీ అని కొట్టిపారేయడం కుదరదు. ఎవరు ఎవర్ని వదిలేశారో మాత్రం చెప్పగలం.

వలస వచ్చినవాళ్ల మాట మనకూ దగ్గరదే. 2019లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ చెన్నైలో పుట్టిన పెప్సికో మాజీ అధిపతి ఇంద్రా నూయి పోర్ట్రెయిట్‌ని తన సేకరణలోకి తీసుకుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే మన పిల్లలు స్కూలు ట్రిప్పులో ఆ గ్యాలరీకి వెళ్తే, తమ ఇంట్లోవాళ్లను పోలిన ముఖం కనిపించడానికి అర్థముంది.

కాగడా ఎవరి చేతిలో

2018 ఫిబ్రవరిలో అదే గ్యాలరీలో ఒబామా దంపతుల పోర్ట్రెయిట్లు ఆవిష్కరించారు. అధికారిక అధ్యక్ష పోర్ట్రెయిట్లకు ఆ గ్యాలరీ నల్లజాతి చిత్రకారుల్ని ఎంచుకోవడం అదే మొదలు. కెహిండే వైలీ ఒబామాని ఆకుల మధ్య కూర్చోబెట్టాడు. హవాయి గుర్తుగా మల్లెలు, కెన్యా గుర్తుగా నీలి లిల్లీలు, చికాగో గుర్తుగా చేమంతులు.

మిషెల్‌ని గీసింది ఎమీ షెరాల్డ్ అనే చిత్రకారిణి. ముఖం, చేతులు బూడిదరంగు. నేల దాకా పరుచుకున్న గౌను మీద రంగురంగుల గళ్లు, అలబామాలోని జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు కుట్టే బొంతల్ని గుర్తుచేసేలా. పోలిక రాలేదని చాలామంది అన్నారు. షెరాల్డ్ తన మనుషులందరి చర్మాన్నీ బూడిదరంగులోనే గీస్తుంది. రంగు చూసి ముందే ఒక అభిప్రాయానికి వచ్చే కంటిని కాసేపు ఆపి, చూపుని, నిలబడే తీరుని, బట్టల్ని చూడమంటుంది. వాస్తవికత అంటే చర్మం రంగు దింపడమే అనుకునేవాళ్లకు ఇది తప్పుగా కనిపించడం సహజం. నాకైతే స్టువర్ట్ ఉబ్బిన దవడని గీయడంలో ఎంత వాస్తవికత ఉందో ఇందులోనూ అంత ఉంది.

2024లో షెరాల్డ్ స్వేచ్ఛా విగ్రహం భంగిమలో ఒక ట్రాన్స్ నల్లజాతి మనిషిని గీసింది. గులాబీ రంగు జుట్టు, నీలి గౌను, ఎత్తిన చేతిలో కాగడా, అందులో మంటకు బదులు పూలు. 2025 సెప్టెంబర్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మొదలు కావాల్సి ఉండింది. ఆ చిత్రం అధ్యక్షుడు ట్రంప్‌కి ఆగ్రహం తెప్పిస్తుందేమోనని తీసేసే మాట లోపల నడుస్తోందని తెలిసి, జులైలో ఆమె ప్రదర్శన మొత్తాన్నే వెనక్కి తీసుకుంది. చిత్రాన్ని తీయాలనుకోలేదని, సందర్భం వివరించే వీడియో కూడా పెట్టాలనుకున్నామని ఆ గ్యాలరీని నడిపే స్మిత్‌సోనియన్ చెప్పింది. ప్రదర్శన నవంబర్‌లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లింది.

ఈ తగాదాలో బొమ్మ బాగా గీయలేదని పెద్దగా ఎవరూ అనలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిలా లేదని కూడా అనలేదు. ఆ మనిషి ఆ కాగడా పట్టుకోవచ్చా అన్నదే గొడవ.